లితో రాయి గారికి విన్నపం

తమరి దివ్యసముఖానికి,

బొమ్మని రాతి మీద గీసి, ఇంకు పూసి కాగితం మీద అచ్చొత్తే లితోగ్రఫీ పేరున, మధ్యాహ్నం భోజనం మానేసి, దీపాలు పెట్టే వేళదాకా తమరి సేవలోనే ఉన్నాను. దక్కిందేమిటి? నల్లటి కుంచె విసురు ఒకచోట, దాని మీద కూర్చోవాల్సిన ఎరుపు వెంట్రుకవాసి పక్కన. పాత సినిమా వాల్‌పోస్టర్‌లో హీరోయిన్ పెదాల ఎరుపు చెంప మీదికి జారినట్టు. కాగితం తడికి సాగిందట. ఎప్పుడూ నేరం కాగితానిదే. తమరు బవేరియా సున్నపురాయి, నిప్పులాంటివారు!

తమరి బరువు గురించి నేను మాట్లాడను, నా నడుము మాట్లాడుతోంది. గీసిందల్లా కుడి ఎడమలు తిప్పేసే అలవాటునీ క్షమించేశాను. నా ఏడుపంతా రంగు గురించే.

ఆ గీతకి నాకు పట్టింది రెప్పపాటు. టష్ అనే జిడ్డు సిరాలో ముంచిన కుంచె, భుజం నుంచి ఒక్క ఊపు, అంతే. చివర్లో కుంచె తడారి చారలు చారలుగా విడిపోయిన చోటే నాకు ప్రాణం. ఆ తర్వాత రోజిన్ పొడి, టాల్కం, తుమ్మజిగురులో కాసిని నైట్రిక్ యాసిడ్ చుక్కలు, ఆరబెట్టడం, కడగడం, స్పాంజితో తడి, రోలర్‌తో ఇంకు, మళ్లీ తడి, మళ్లీ ఇంకు. సరే, ఓర్చుకున్నాను. అప్పుడు తమరి ఆజ్ఞ: ఎరుపు కావాలా? ఇంకో రాయి తెచ్చుకో. అదే ఆవేశాన్ని, అదే చోట, కొలత పెట్టి మళ్లీ తెచ్చుకో. పసుపుకి ఇంకోసారి. కొలత పెట్టుకుని ఆవేశపడటం ఎలాగో కాస్త సెలవిస్తారా?

ఆవేశాన్నే బొమ్మగా వేసే అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారుల పేర్లు చెప్పి నన్ను ఊరించకండి. 1960లో బర్క్‌లీలో డి కూనింగ్ నేల తుడిచే మాప్ లాంటి పెద్ద కుంచెతో తమరి జాతివాడి మీద విరుచుకుపడ్డాడు. బ్రహ్మాండంగా వచ్చింది. ఎందుకు రాదు, నలుపొక్కటే కదా! 1961లో లాంగ్ ఐలండ్‌లో తాత్యానా గ్రోస్‌మన్ అచ్చుల వర్క్‌షాప్‌లో 'ఫస్ట్ స్టోన్' అనే లితో వేసిన హెలెన్ ఫ్రాంకెంథాలర్, 2000 నాటికి చెక్క మీద 'మేడమ్ బటర్‌ఫ్లై' చేసింది. 46 దిమ్మలు, 102 రంగులు. చూస్తే రంగు ఒలికి, దానంతటదే పాకిందనుకుంటాం. 102 రంగుల్ని క్యూలో నిలబెట్టి "అబ్బే, ఊరికే ఒలికింది" అనిపించడం! ఈ నంగనాచితనం మీ వంశంలోనే ఉంది.

మా చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన అచ్చుచిత్రకారుడు కృష్ణారెడ్డి పారిస్‌లో అటెలియే 17 అనే అచ్చుల వర్క్‌షాప్‌లో, తోటి చిత్రకారుడు కైకో మోతీతో కలిసి ఏం చేశారో తెలుసా? ఒక్కటే లోహపు పలక. నూనె ఎక్కువ కలిపిన పల్చటి ఇంకు, తక్కువ కలిపిన చిక్కటి ఇంకు, గట్టి రోలర్, మెత్తటి రోలర్. రంగులు ఒకదాంట్లో ఒకటి కలవకుండా పలక ఎత్తుపల్లాల్లో ఎక్కడివక్కడ సర్దుకుని, ప్రెస్సులోంచి ఒకేసారి దిగాయి. (ఆ పలక చెక్కడానికి పట్టే కాలం సంగతి ఇప్పుడెత్తకు.) లోహం విన్నది మాట. నీకేం రోగం?

రేపు కార్బోరండం పొడి చల్లి నీ మొహం అరగదీసేద్దామనే అనుకున్నాను. కానీ ఆ చివరి చారలు, ఒక్కటి పోకుండా, పట్టుకున్నావు చూడు... ముందు ఎరుపు రాయి పని పడతాను. నువ్వు ఈ వారం బతుకు.