జాబితాకెక్కని దరువు

గొప్ప డ్రమ్మర్ ఎవరన్న వాదన మొదలైందంటే హైదరాబాద్‌లో ఇంకో చాయ్ చెప్పాల్సిందే. ఒకరు నీల్ పియర్ట్ అంటారు, ఇంకొకరు డానీ కేరీ అంటారు. దక్షిణాది పేరు ఒకటైనా ఉండాలి కదా అని మూడోవారు శివమణిని ముందుకు తెస్తారు. 2020లో పియర్ట్, 2021లో చార్లీ వాట్స్, 2022లో టేలర్ హాకిన్స్ పోయినప్పుడల్లా ఈ పంచాయితీ మళ్లీ మొదటికొచ్చింది. వీళ్లలో ఎవరినీ నేను తక్కువ చేయను. కానీ గత నాలుగు దశాబ్దాల సంగీతాన్ని అందరికంటే ఎక్కువగా నడిపించిన డ్రమ్మర్ ఎవరంటే నేను చెప్పేది ఒకటే పేరు: క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్.

ఎవరాయన అని అడిగారా? నా వాదన సగం నెగ్గినట్టే.

ఆయన అమెరికన్ ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ బృందంలో డ్రమ్మర్. 1969 నవంబరులో సిన్సినాటిలో రికార్డయి, మరుసటి ఏడాది విడుదలైన 'ఫంకీ డ్రమ్మర్' అనే పాటలో ఒకచోట బ్రౌన్ మిగతా వాద్యాలన్నీ ఆపించి డ్రమ్స్‌ను మాత్రం వదిలేస్తారు. అది దాదాపు ఇరవై సెకన్లు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద పడే గట్టి దెబ్బల మధ్య, వినీ వినపడకుండా రాలే చిన్న దెబ్బలు కొన్ని ఉంటాయి. వాటిని ఘోస్ట్ నోట్స్ అంటారు. అవి చారులో ఇంగువలాంటివి. ఉన్నాయని ఎవరూ చెప్పరు, తీసేస్తే మాత్రం ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది.

ఎనభైల్లో పాత రికార్డులోని ముక్కను కోసి మళ్లీ మళ్లీ మోగించే శాంప్లర్ యంత్రాలు వచ్చాక హిప్‌హాప్ కుర్రాళ్లు ఆ ఇరవై సెకన్లను కోసుకుని తమ పాటల కింద పరుచుకున్నారు. పబ్లిక్ ఎనిమీ బృందం వాడుకుంది, ఎన్.డబ్ల్యూ.ఏ. బృందం వాడుకుంది. అలా వెయ్యికి పైగా పాటల్లోకి ఆ చేయి వెళ్లింది. డబ్బు మాత్రం ఆ చేతికి రాలేదు. పాట హక్కుల్లో ఆయనకు వాటా లేదు. డ్రమ్స్ మీద పుట్టిన లయను 'రచన'గా లెక్కించే అలవాటు ఆ పరిశ్రమకు లేదు. ఆయనకు క్యాన్సర్ వచ్చినప్పుడు దాదాపు 90 వేల డాలర్ల ఆసుపత్రి ఖర్చు భరించింది గాయకుడు ప్రిన్స్. స్టబుల్‌ఫీల్డ్ 2017లో కన్నుమూశారు.

ఇరవై సెకన్లతోనే గొప్పవాడైపోతాడా అని పియర్ట్ అభిమానులు నిలదీస్తారు. వేదిక మీద చుట్టూ కోటలా పేర్చుకున్న వాద్యాల మధ్య కూర్చుని నిమిషాల తరబడి సోలో నడిపే నైపుణ్యం మాటేమిటంటారు. అది నైపుణ్యమే, కాదనను. కానీ డ్రమ్మర్‌ను ఆ ఒక్క కొలతతో కొలిస్తే చార్లీ వాట్స్ ఎక్కడా ఆనరు. స్నేర్ కొట్టే క్షణంలో ఆయన కుడిచేయి హై-హ్యాట్ అనే జంట తాళాల మీది నుంచి పైకి లేచిపోతుంది. అక్కడ ఒక దెబ్బ మానేశారన్నమాట. రోలింగ్ స్టోన్స్ పాటకు ఆ నడక రావడంలో ఆ మానేసిన దెబ్బకూ వాటా ఉంది.

అసలు నాకు స్టబుల్‌ఫీల్డ్ గుర్తొచ్చింది చాయ్ బల్ల దగ్గర కాదు, లాల్‌దర్వాజాలో. బోనాల రోజు ఊరేగింపు కదలకముందు ఒక సందు మలుపులో చిత్తుకాగితాలు అంటించి డప్పులు కాస్తున్నారు. ఒక పెద్దాయన డప్పును మంటకు జానెడు ఎత్తున తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. చాలలేదు, మళ్లీ మంట మీదికి. తుంపర మొదలైతే ఇంకోసారి. చివరికి తోలు ఖంగున మోగింది. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. దరువు అందుకోగానే అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న కుర్రాళ్ల భుజాలు వాటంతటవే ఊగాయి. మీ పేరేమిటని అడిగితే ఆయన తమ మేళం పేరు చెప్పారు.

వాయించినవాళ్ల పేరు మిగలకపోవడం ఈ నగరానికి అలవాటే. నిజాం కొలువులోకి ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలు, బార్కస్‌లో స్థిరపడిన అరబ్బులు మర్ఫా అనే డ్రమ్ముల మేళాన్ని ఇక్కడ పాతుకునేలా చేశారు. అది ఇప్పటికీ పెళ్లి బరాత్‌లలో మోగుతోంది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు ఏసీ గార్డ్స్ అనే పేటకు మిగిలింది. మర్ఫా వాయించినవాళ్ల పేర్లు ఎన్ని మిగిలాయి? సమ్మక్క సారలమ్మల కథను డోలు మీద పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య పేరు కూడా, 2022లో పద్మశ్రీ వచ్చేదాకా, నగరంలో చాలామంది విననిదే.

చట్టమైనా ఆదుకుంటుందా అంటే, మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల జాబితాలో వాద్యకారులతో పాటు గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా చేర్చింది. సంతోషం. అయితే 2012 సవరణ ఒక మెలిక పెట్టింది. సినిమాలో ప్రదర్శన యాదృచ్ఛికమో ఆనుషంగికమో అయి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎక్కడా పేరు వేయనిదైతే, దాదాపు అన్ని విషయాల్లోనూ ఆ మనిషి ప్రదర్శకుడి కింద లెక్కకు రాడు. డప్పు మేళాన్ని యాదృచ్ఛికమని ఎవరు తేలుస్తారు? పేరు వేయని ఆనవాయితీని పెట్టినవాళ్లేనా?

ఈ వ్యాసం రాయడానికి ముందు ఒక తీన్‌మార్ పాట వీడియో కింద వివరాలు చదివాను. స్వరకర్త, రచయిత, గాయకులు, నృత్య దర్శకుడు, మిక్సింగ్ చేసినవారు, పోస్టర్ వేసినవారు, అందరూ ఉన్నారు. డప్పు వాయించింది ఎవరో లేదు. వీడియోలో మొదటి షాట్ మాత్రం డప్పుదే.