జవాబు ముందే తెలిసిన ప్రాజెక్టు ఎందుకు?

బడుల్లో ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు దగ్గరపడ్డాయంటే స్టేషనరీ షాపులకు గిరాకీ. థర్మాకోల్ షీట్లు, చార్టులు, నెట్ సెంటర్లో కలర్ ప్రింట్లు. పిల్లాడు నిద్రపోయాక అమ్మానాన్నలే కూర్చుని అగ్నిపర్వతం అతికిస్తారు. తెల్లారి దానికి ఐదుకు ఐదు. వంటసోడాలో వెనిగర్ పోస్తే పొంగుతుందని క్లాసులో అందరికీ ముందే తెలుసు. ఇక పిల్లాడు కనిపెట్టేదేముంది?

ప్రాజెక్టులు దండగ అనేవాళ్లు చూపించేది ఇదే. ప్రభుత్వాలకూ ఆ అనుమానం ఉన్నట్టుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతికి ఇంటర్నల్ మార్కులు, అంటే ప్రాజెక్టుల్లాంటివాటికి బడిలోనే వేసే మార్కులు, ఎత్తేసింది. తెలంగాణ 2024 నవంబరులో అదే ప్రకటించి, మర్నాడే ఏడాది వాయిదా వేసింది. కొన్ని బళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నాయన్న ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ తప్పు ప్రాజెక్టుది కాదు. మనం అడిగే ప్రశ్నది, దేనికి మార్కు వేస్తున్నామన్నదానిది.

ఇప్పుడు పల్లెల్లోనూ చాలామంది ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లే తాగుతున్నారు. 'మన ఊళ్లో బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, క్యాన్ నీళ్లు... వీటిలో ఏవి తాగొచ్చు?' అని ఎనిమిదో తరగతిని అడిగి చూడండి. నీళ్లలో కరిగినవి (టీడీఎస్) ఎంతో అంకెల్లో చూపే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. పిల్లలు సీసాల్లో నీళ్లు తెస్తారు, అంకెలు రాసుకుంటారు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ప్రమాణం ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్వాలేదు. క్యాన్ నీళ్లకు తక్కువ అంకె వస్తుంది కాబట్టి అవే మంచివని క్లాసంతా తేల్చేస్తుంది.

టీచరు అప్పుడే దిద్దేయకూడదు. ఒక గ్లాసులో చిటికెడు ఉప్పు, ఇంకో గ్లాసులో చిటికెడు పంచదార కలిపి మీటరు పెట్టమనాలి. ఉప్పు నీళ్లలో అంకె ఎగబాకుతుంది, పంచదార నీళ్లలో దాదాపు కదలదు. మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందన్నదేనని అప్పుడు బయటపడుతుంది. అది క్రిములను పట్టుకోదు, ఫ్లోరైడ్‌ను విడిగా చూపించదు. నల్గొండ పల్లెల్లో ఎముకలు వంచేసిన ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములే. వందల్లో ఉండే టీడీఎస్‌లో అదెక్కడ తేలుతుంది? పోనీ కాచి తాగుదామంటే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. ఇదంతా చెప్పే పాఠం పుస్తకంలో రెండు పేజీలు. ఇలా నేర్చుకోవడానికి మాత్రం వారం పడుతుంది.

సిలబస్ టెన్షన్‌లో ఉన్న టీచరుకు ఆ వారం ఎక్కడిది? 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు బ్యాగు లేని రోజులుగా ఉండాలంది. వాటిని ఆటపాటలతో సరిపెట్టకుండా ఏడాదికి ఇలాంటిది ఒక్కటి చేయించినా చాలు. సగటు, గ్రాఫు లెక్కల టీచరు చూసుకుంటారు, నీళ్లు పరీక్షించమని పంచాయతీకి అర్జీ తెలుగు పీరియడ్‌లో రాయించవచ్చు. అర్జీ వెళ్లాక క్యాన్ నీళ్లు అమ్మే వాటర్ ప్లాంటు ఓనరు హెడ్‌మాస్టరుకు ఫోన్ చేసి గొడవ పెట్టుకోవచ్చు, అది వేరే కథ. నిజమైన సమస్య ముట్టుకుంటే నిజమైన మనుషులే ఎదురవుతారు మరి.

మార్కులు మాత్రం ఫైలుకు వేయొద్దు. 'మొదట ఏమనుకున్నారు, ఎక్కడ మనసు మార్చుకున్నారు' అని ఒక్కో జట్టును ఐదు నిమిషాలు నిలబెట్టి అడగండి. నలభై మంది క్లాసులో అయిదుగురేసి ఎనిమిది జట్లు. ఒక్క పీరియడ్‌లో అయిపోతుంది.