ఒకరి వాకింగ్, ఇంకొకరి వంటిల్లు

ఉదయం ఐదున్నరకు విజయవాడలో ఇందిరా గాంధీ మున్సిపల్ స్టేడియం వైపు వెళ్తే నడిచేవాళ్లకు కొదవ ఉండదు. రిటైరైన ఉద్యోగులు, షాపు తెరవడానికి ఇంకా టైం ఉన్న వ్యాపారులు, పిల్లల్ని అమెరికా పంపేసిన తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి రాజకీయాలు మాట్లాడుకుంటూ రౌండ్లు కొడుతుంటారు. కొందరు ఆ తర్వాత నేరుగా టిఫిన్ సెంటర్‌కి వెళ్లి, కరిగించిందంతా నెయ్యి కారం ఇడ్లీతో తిరిగి సంపాదించుకుంటారు. అది వాళ్లిష్టం. నాకు పట్టింది వేరే విషయం. ముప్పై అయిదు, నలభై అయిదేళ్ల మధ్య ఆడవాళ్లు ఆ గుంపులో ఎక్కడో ఒకరు తప్ప కనిపించరు. బడికెళ్లే పిల్లలున్న ఇళ్లలో ఆ సమయానికి వాళ్లు పొయ్యి దగ్గర ఉంటారు.

వ్యాయామానికి టైం లేదని ఎవరన్నా మనం ఇచ్చే సలహా ఒకటే: అరగంట ముందు లేవండి. ఇది ఒంటరి మనిషికి చెప్పాల్సిన సలహా. సంసారంలో ఉన్నవాళ్ల టైం వాళ్ల ఒక్కళ్లదే కాదు. ఇంట్లో ఒకరు గంటసేపు బయటికి వెళ్తే, ఆ గంటలో జరగాల్సిన పని ఆగదు, ఇంకొకరి మీద పడుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వేలో ఇది అంకెల్లోనే ఉంది. జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 289 నిమిషాలు గడుపుతుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు 88 నిమిషాలు గడుపుతున్నారు. తేడా 201 నిమిషాలు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మాదిరి వేగంతో నడక లాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వారానికి కావలసిన వ్యాయామం కంటే ఆ ఒక్కరోజు తేడాయే ఎక్కువ. అదే 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో ఆడవాళ్లలో 57 శాతం మందికి, మగవాళ్లలో 42 శాతం మందికి తగినంత కదలిక లేదు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆడవాళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదనే మాట నాకు నోటికి రాదు.

ఇదంతా నాకు ముందే తెలిసి చెబుతున్నది కాదు. రెండేళ్ల క్రితం షుగర్ పరీక్షలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెర లెక్క, 6.1 వచ్చింది. ఇంకా షుగర్ కాదు, అంచున ఉన్నారు, నడవండి అన్నారు డాక్టర్ గారు. నేను ఆవేశంగా ఏడాది జిమ్ ఫీజు ఒకేసారి కట్టి ఇరవై మూడు రోజులు వెళ్లాను. తర్వాత స్టేడియం మొదలుపెట్టాను. ఒకరోజు చెమటతో ఇంటికొచ్చి, నువ్వు కూడా నడవచ్చు కదా అని మా ఆవిడకి ఉచిత సలహా ఇచ్చాను. ఆమె గుంటూరులో ఉద్యోగం చేస్తుంది. ఎనిమిదింటికల్లా స్టేషన్‌కి బయల్దేరాలి. చేతిలో ఉన్న బెండకాయ కింద పెట్టకుండానే, "మీకు వాకింగ్‌కి టైం నేనిస్తున్నాను. నాకెవరిస్తారు?" అంది.

సమాధానం లేదు. అందుకే పంచుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు ఆమెవి. ఆమె రోజున వంటిల్లు, క్యారేజీలు, బాబుని వ్యాన్ ఎక్కించడం నా పని. మొదటి మంగళవారం కుక్కర్‌కి విజిల్ పెట్టడం మర్చిపోయాను. పప్పు ఉడకలేదు, వ్యాన్ వెళ్లిపోయింది, బాబుని స్కూటర్ మీద బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లోంచి దింపొచ్చాను. రెండో వారం ఆమే వాకింగ్ మధ్యలో ఫోన్ చేసి, పోపులో ఇంగువ వేశారా అని అడిగింది. నడక ఆమెది, ధ్యాస వంటింట్లో. టైం ఇచ్చినంత మాత్రాన బాధ్యత కూడా చేతులు మారదని అప్పుడు అర్థమైంది. కూరలు ఏం తేవాలో, రేపు ఏ క్యారేజీలో ఏముండాలో ఆలోచించడం కూడా పనే, సర్వే నిమిషాల్లోకి పూర్తిగా ఎక్కదంతే. ఆమె ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లడానికి రెండు నెలలు పట్టింది.

మా అమ్మ దీనికి ఒప్పుకోలేదు. "రోజంతా ఇంటి పని చేసే దానికి మళ్లీ వాకింగ్ ఏమిట్రా" అంది. అందులో కొంత నిజం ఉంది. ఇంటి పనిలో కదలికను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోకి తీసుకుంటుంది. వంగి గచ్చు తుడిస్తే గుండె వేగం పెరుగుతుంది. కానీ రుబ్బురోలు పోయి గ్రైండర్ వచ్చింది, బావి పోయి మోటారు వచ్చింది. మిగిలింది ఎక్కువగా నిలబడటం. పొయ్యి ముందు రెండు గంటలు నిలబడితే కాళ్లు లాగుతాయి తప్ప ఆయాసం రాదు. అలసట వేరు, వ్యాయామం వేరు.

గంట దొరకనివాళ్ల సంగతి? పాత సలహాలో ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలనేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేశారు. 2022లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన పరిశోధన, తాము వ్యాయామం చేయడం లేదని చెప్పిన 25 వేల మంది బ్రిటన్ వాసులను చేతి పరికరాలతో గమనించింది. రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు ఆయాసం వచ్చేంత గట్టిగా కదిలినవాళ్లలో మరణాలు, అలా అసలు కదలనివాళ్ల కంటే దాదాపు 40 శాతం తక్కువ. గమనించి చెప్పిన లెక్కే కాబట్టి ఇదే కారణమని గట్టిగా అనలేం. అయినా కొత్త ఆలోచనేం కాదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చునే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువని బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం 1953లోనే చూపించింది. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తుకు లిఫ్ట్ ఆరుసార్లు పిలిచే రోజుల్లో ఆ కండక్టర్లు గుర్తొస్తుంటారు. భోజనం తర్వాత పది నిమిషాలు డాబా మీద తిరిగినా, కండరాలు రక్తంలోని చక్కెరను లాగేసుకుంటాయి.

నాకున్న భయమల్లా, ఈ రెండు నిమిషాల సలహా ఎవరికి అంటగడతారోనని. మగవాళ్లకు స్టేడియం, ఆడవాళ్లకు మెట్లు అని తీర్పు ఇచ్చేస్తే పంపకం మళ్లీ పాత చోటికే వస్తుంది.

ఊరు కూడా సాయం చేయదు. ఫుట్‌పాత్ మీద బండ్లు, తెల్లవారుజామున కుక్కలు, ఏప్రిల్ దాటితే ఏడింటికే చెమటలు. మా వీధిలో చాలామంది ఆడవాళ్లు కారు పార్కింగ్ చేసే సెల్లార్‌లో, బండ్ల మధ్య గుండ్రంగా తిరుగుతారు. కాలువ గట్ల వెంబడి మంచి నడక దారి, దీపాలు, తెరిచి ఉండే టాయిలెట్ ఉంటే, చీకటి ఉండగానే బయల్దేరగలిగేవాళ్లు ఎంతమందో! పార్కుకి గేటు టైం పెట్టేవాళ్లు, ఇంట్లో క్యారేజీలు కట్టే టైం ఏమిటో ఒకసారి అడిగితే బాగుండు.

ఇప్పుడు నా హెచ్‌బీఏ1సీ 5.8. మా ఆవిడకి నడుం నొప్పి తగ్గింది. నాకు పప్పు ఉడకబెట్టడం వచ్చింది.

మా అమ్మాయి మాత్రం ఇంటర్ సెకండియర్. ఆరున్నరకు కాలేజీ బస్సు, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు, ఆదివారం ఉదయం పరీక్ష. ఆ వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల కదలిక కావాలి. ఫ్రిజ్ మీద అంటించిన మా టైం టేబుల్ చూసి మొన్న, "నా రోజు ఏది నాన్నా?" అని అడిగింది. ఆదివారం గడిలో దాని పేరు రాశాను. మూడు వారాలైంది, ఆ గడి ఇంకా వాడలేదు.