పాడిగేదెను అమ్మేద్దాం, దూడల్ని తోలుకొద్దాం

చికాగో వైట్ సాక్స్ అనే అమెరికా బేస్‌బాల్ జట్టు యాజమాన్యాన్ని అందరూ తిట్టిపోస్తున్నారు గానీ, నాకు మాత్రం వాళ్ళమీద ఏడాదికేడాది గౌరవం పెరుగుతోంది. పాలిచ్చే గేదెను అమ్మేసి నాలుగు దూడల్ని ఇంటికి తోలుకొచ్చి, ఇవి ఎదిగి ఈనేదాకా అందరూ డికాక్షనే తాగండి అని ఊరందరికీ చెప్పగల గుండె ఎంతమందికి ఉంటుంది? పైగా ఆ డికాక్షన్‌కి టికెట్ పెట్టి అమ్మడం!

బేస్‌బాల్ చూడనివాళ్ళకు ఒక్క మాట. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే. కాకపోతే ఆట మొదలుపెట్టే పిచర్ ఐదు రోజులకోసారే దిగుతాడు, దిగిన రోజు మాత్రం మ్యాచ్ మొత్తం అతని భుజం మీదే. జట్టు బాగా లేనప్పుడు అలాంటి మొనగాణ్ణి గట్టి జట్టుకి ఇచ్చేసి, బదులుగా ఇంకా మీసకట్టు కుదరని కుర్రాళ్ళను తెచ్చుకోవడాన్ని అక్కడ రీబిల్డ్ అంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఎగతాళికి అన్నదాన్ని అమెరికావాళ్ళు శాస్త్రం చేసేశారు. సోమలింగాలకు ఏటా ర్యాంకులు కూడా ఇస్తారు.

2016 జులైలో ఏమైందంటే, వైట్ సాక్స్ ఏస్ (అంటే జట్టులోకెల్లా మేటి) పిచర్ క్రిస్ సేల్‌ని ఆ రోజు 1976 నాటి కాలర్ జెర్సీ వేసుకుని ఆడమన్నారు. ముదురు నీలం రంగు, వదులుగా, బయటికి వేలాడే చొక్కా. అది వేసుకుని బంతి విసరలేనన్నాడు. వినలేదు. కత్తెర తీసుకుని తనదే కాదు, జట్టులో మిగతావాళ్ళ జెర్సీలు కూడా కోసిపడేశాడు. ఐదు రోజుల సస్పెన్షన్. డిసెంబరు వచ్చేసరికి బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఇచ్చేశారు. కత్తెర పంచాయతీకీ ఈ బేరానికీ సంబంధం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే ఇంకో మూడేళ్ళు చవకలో ఆడే ఒప్పందం ఉన్న ఏస్‌కి అప్పుడు వచ్చే రేటు మళ్ళీ రాదు.

మన సంతల్లో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరాలాడతారు చూడండి, పైకి ఇద్దరూ ఎటో చూస్తుంటారు, లోపల వేలు మీద వేలు పడుతుంటుంది. అట్లా నాలుగు దూడలు కుదిరాయి. అందులో మేలైనది యోవన్ మొంకాడా, దేశంలోకెల్లా మొదటి వరస కుర్రాడు. రెండోది మైకేల్ కోపెక్, బంతిని గంటకు 105 మైళ్ళ వేగంతో విసిరాడని అప్పటికే చెప్పుకునేవారు.

నష్టం వచ్చిందనేవాళ్ళకు లెక్కలు రావు. 2017లో బోస్టన్‌కి వెళ్ళిన సేల్ 308 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడు స్ట్రైకులతో బ్యాటర్లను ఔట్ చేసి పంపాడు. 2018లో చికాగోలో మొంకాడా 217 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు, లీగుల్లోకెల్లా ఎక్కువ. అంటే స్ట్రైకౌట్లయితే ఇంట్లోనే ఉన్నాయి, దిశ ఒక్కటే మారింది. (2019లో మొంకాడా బాగానే ఆడాడు, ఆ ఒక్క ఏడాది నేను కూడా నమ్మాను, ఒప్పుకుంటున్నాను.) ఆ 2018 అక్టోబరులోనే లాస్ ఏంజలెస్‌లో ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ చివరి బంతి సేల్ వేశాడు. మచాడో బ్యాటు ఊపి మోకాలి మీద కూలబడ్డాడు, బోస్టన్ ఛాంపియన్.

దూడలు మరి ఈనాయా? ఈనాయి. 2020లో, 2021లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. రెండేళ్ళూ కలిపి గెలిచింది అక్షరాలా రెండు మ్యాచ్‌లు. ఆ తర్వాత మేత దగ్గర చెయ్యి బిగిసింది. పక్క జట్లు ఒక్కో ఆటగాడికి వందల మిలియన్ల డాలర్లు రాసిస్తుంటే, వీళ్ళు ఆండ్రూ బెనింటెండీకి 75 మిలియన్లిచ్చి జట్టు చరిత్రలోనే అతిపెద్ద కాంట్రాక్టని చెప్పుకున్నారు. పొదుపరి ఇల్లు.

ఇక 2024. 162 మ్యాచ్‌లలో 121 ఓటములు. 1962 నాటి న్యూయార్క్ మెట్స్ జట్టు 120 ఓటముల రికార్డును దాటేశారు, మధ్యలో వరుసగా 21 ఓడారు. ఇంత ఓడితే డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, మొదటి కుర్రాడైనా దక్కాలి కదా? అంతకుముందు ఏడాదే ముందు వంతులు తేల్చే లాటరీలో వాటా తీసుకున్నారు కాబట్టి నిబంధనల ప్రకారం పదో స్థానానికి పైన వీల్లేదన్నారు. ఓడటంలో కూడా ఓడిపోవడం మామూలు విద్య కాదు. అదే ఏడాది సేల్ అట్లాంటాకి ఆడుతూ మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు కొట్టాడు. జులైలో చికాగో వదిలించుకున్న కోపెక్ అక్టోబరుకల్లా లాస్ ఏంజలెస్ డాడ్జర్స్‌తో ఛాంపియన్ ఉంగరం సంపాదించాడు. సేల్‌కి ఉంగరం, కోపెక్‌కి ఉంగరం, బేరం కుదిర్చిన ఇంటికి మాత్రం 121.

అంత చీకట్లోనూ కొట్టంలో ఒక పాడిగేదె మిగిలింది, గ్యారెట్ క్రోషే. ఎడమచేతి వాటం. 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు. మీరైతే ఏం చేస్తారు? తాడు ఇంకో ముడి వేస్తారు. అందుకే మీరు ఎప్పటికీ జనరల్ మేనేజర్ కాలేరు. 2024 డిసెంబరులో అతన్ని కూడా ఇచ్చేశారు. ఎవరికి? బోస్టన్‌కే. ఎనిమిదేళ్ళ తర్వాత అదే నెల, అదే కొనుగోలుదారు, మళ్ళీ నాలుగు దూడలు. కొత్త దూడల్లో కాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కైల్ టీల్ చురుగ్గానే కనిపిస్తున్నాడు, నాకు మళ్ళీ ఆశ పుడుతోంది, ఈ జబ్బుకి మందు లేదు.

2025లో క్రోషే బోస్టన్‌లో 18 గెలిచి 255 స్ట్రైకౌట్లు చేశాడు. చికాగో 102 ఓడింది. నిరుటి మీద 19 ఓటములు తక్కువ, అభివృద్ధి కాదా? ఆ మేలో పోప్‌గా ఎన్నికైన పద్నాలుగో లియో వైట్ సాక్స్ అభిమాని అని తెలిసి ఊరంతా సంబరపడింది. ఆయన ప్రార్థించినా మిగతా ఓటములు తగ్గలేదంటే, యాజమాన్యం పట్టుదల ఎలాంటిదో చూడండి.

ఒక్క శుభవార్త. 2024 డ్రాఫ్టులో ఐదో స్థానంలో తీసుకున్న హేగన్ స్మిత్ అనే పిచర్ చికాగో దొడ్లో పెరుగుతున్నాడు. ఎడమచేతి వాటమే. బోస్టన్ వాళ్ళు ఇప్పటినుంచే తువ్వాలు ఉతికి ఆరేసుకుంటే మంచిది.