సిమెంటు జింకకి చలేస్తుందా?

వెయ్యదు. ఆ మాత్రం నాకూ తెలుసు. పెరట్లో నిలబెట్టిన సిమెంటు జింకకి స్వెట్టర్ అల్లుతున్నానని ఫొటో పెట్టిన దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. "పనీపాటా లేదటే నీకు?" అని మా పిన్ని. "ఆ ఊలుతో చలికి వణికేవాళ్ళకి ఏదైనా అల్లివ్వచ్చుగా" అని ఇంకొకరు. అల్లిచ్చానండీ, ఇంకా ఇస్తాను. అయినా బొమ్మలు వేసుకునేవాళ్ళని ఆ రంగులు ఎవరి ఇంటి గోడకో వెయ్యొచ్చుగా అని ఎవరూ అడగరే! ఊలూ సూదులూ పట్టుకున్నవాళ్ళే ప్రతి కుట్టుకీ లెక్క చెప్పాలా?

నన్నడిగితే, అల్లిక వచ్చో రాదో తేల్చేది ఇలాంటి బొమ్మే. మనుషులకి అల్లితే "ఎంత బావుందో" అని బీరువాలో పెట్టేస్తారు. బిగుతైతే పొట్ట లోపలికి లాక్కుని మరీ మన పరువు నిలబెడతారు. జింక లాక్కోదు. దాని ఛాతీ చుట్టుకొలత 90 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్లకి 18 కుట్లు వస్తాయని, ఇన్నేళ్ళ అనుభవం కదా అని, నమూనా ముక్క అల్లకుండానే 162 కుట్లు ఎక్కించేశాను. నా చేతి బిగువుకి వచ్చినవి 20. అంటే తయారైంది 81 సెంటీమీటర్ల స్వెట్టర్! తొమ్మిది సెంటీమీటర్లు తక్కువ. మొత్తం విప్పి, ఉండ చుట్టి, మళ్ళీ మొదలు.

రెండో గుణపాఠం కొమ్ములు. కుక్కకైతే తల దూర్చి, ఒక్కో కాలూ ఎత్తి తొడుగుతాం. దీనికి కొమ్ములు అడ్డం, తల దూర్చలేం. ఇది తల వంచదు, కాలు ఎత్తదు, పాదాలేమో దిమ్మెలో పాతుకుపోయి ఉన్నాయి. కాబట్టి స్వెట్టర్ అనేది పేరుకే, నిజానికి అది కాళ్ళ దగ్గర చీలికలున్న ఒక వెడల్పాటి అల్లిక ముక్క. మీద నుంచి కప్పి పొట్ట కింద గుండీలు పెట్టాలి, మెడకి వెనకవైపు ఇంకో వరస గుండీలు. అంచులకి రెండు నిట్టు (సూటి కుట్టు), రెండు పర్లు (తిరగ కుట్టు). అలా అయితే సాగి ఒంటికి పట్టుకుంటుంది.

ఊలు విషయంలో మాత్రం నా మాట వినండి. అసలైన ఊలు తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుంటుంది. నూలైతే తడిసి, బరువుకి సాగి, జింకకి లంగా అయి కూర్చుంటుంది. బయట పెట్టేదానికి అక్రిలిక్ అనే కృత్రిమ దారమే మేలు. నీళ్ళు పెద్దగా పీల్చదు, ఎండకి తట్టుకుంటుంది.

ఇదేదో నా ఒక్కదాని పిచ్చి అనుకునేవాళ్ళ కోసం చెప్తున్నా. 2005లో హ్యూస్టన్‌లో మాగ్దా సాయెగ్ అనే ఆవిడ తన దుకాణం తలుపు పిడికి అల్లిక తొడిగింది. వీధుల్లో ఊలు చుట్టే సరదా ఊపందుకున్నది ఆ తరవాతే. 2010 డిసెంబరులో ఒలెక్ అనే కళాకారిణి న్యూయార్క్ వాల్ స్ట్రీట్ దగ్గరున్న కంచు ఎద్దుకి ఒళ్ళంతా గులాబీ, ఊదా రంగుల క్రోషే (కొక్కెం సూదితో అల్లే అల్లిక) తొడుగు వేసింది. అనుమతి లేదని కొన్ని గంటల్లోనే తీసి పారేశారు. నవ్వొచ్చే సంగతేంటంటే, ఆర్తురో ది మోదికా 1989 డిసెంబరులో ఆ ఎద్దుని తెచ్చి స్టాక్ ఎక్స్ఛేంజి ముందు దించిందీ అనుమతి లేకుండానే! ఎద్దు ఉండిపోయింది, చొక్కా పోయింది.

ఊలు అల్లేవాళ్ళలో నాకు కోపం తెప్పించే రకం ఒకటుంది. తొడిగి, ఫొటో తీసుకుని, ఇక అటు చూడరు. నాలుగు వానలకి అది నాచు పట్టిన గుడ్డపేలికవుతుంది. కింద తేమ నిలిచి రాయీ కంచూ పాడవుతాయి, వేలాడే దారాల్లో పిట్టల కాళ్ళు చిక్కుకుంటాయి. అక్రిలిక్ పోగులు మట్టిలో కలిసిపోవు కూడా. తీసే రోజు అనుకోకుండా తొడగకండి. ఊరి బొమ్మకైతే ముందు అడగండి.

నాది వానలు మొదలయ్యే ముందు విప్పేస్తాను, గుండీలు పెట్టింది అందుకే. ఆలోపు తోక సంగతి తేల్చాలి. వేలెడంత ఉంది, ఎంత అల్లినా జారిపోతోంది. పిన్నికి చెప్పకండి, "నాడా పెట్టవే" అని సలహా ఇచ్చింది ఆవిడే.