చిట్టెలుక మీద మోపిన నేరం

“గాయమైనా, ఇన్ఫెక్షన్ సోకినా ఎలుక జన్యువులు ఒకలా, మనిషి జన్యువులు మరొకలా స్పందిస్తాయి. రెండింటికీ పోలిక సున్నా అని 2013లోనే తేలిపోయింది. కాబట్టి ఎలుకల మీద చేసే పరిశోధనంతా వృథా.” పదేళ్లు దాటినా ఈ మాట చేతులు మారుతూనే ఉంది. దీనికి ఆధారంగా చూపే పరిశోధన నిజంగా జరిగింది, అందులోని అంకెలూ సరైనవే. వాటి మీద కట్టిన తీర్పు మాత్రం నిలవదు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌కు ప్రత్యేకించిన మందు ఈనాటికీ లేదు. అలాంటప్పుడు చేతిలో ఉన్న దారిని పొరపాటు లెక్కతో మూసేయమనడం నాకు బాధ కలిగిస్తుంది.

మొదట ఆ “సున్నా” సంగతి. జున్‌హీ సియోక్, మరో ముప్పై ఎనిమిది మంది కలిసి 2013 ఫిబ్రవరిలో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో ఆ వ్యాసం ప్రచురించారు. తీవ్రంగా గాయపడిన 167 మంది, ఒళ్లు కాలిన 244 మంది, స్వల్ప మోతాదులో బ్యాక్టీరియా విషం (ఎండోటాక్సిన్) ఎక్కించుకున్న నలుగురు ఆరోగ్యవంతుల రక్తం తీసుకున్నారు. తెల్లకణాల నుంచి, జన్యువు ఎంత పనిచేస్తోందో చూపే ఆర్‌ఎన్‌ఏ వేరుచేసి ఏ జన్యువు జోరందుకుంది, ఏది మందగించింది అని కొలిచారు. మనుషుల్లో 5,544 జన్యువులు గణనీయంగా మారాయి. వాటిలో 4,918 జన్యువులకు చిట్టెలుకలో జోడీలున్నాయి. ఆ జోడీలను పక్కపక్కన పెట్టి చూస్తే సారూప్యాన్ని చెప్పే ఆర్-స్క్వేర్ అనే కొలత (0 అంటే పోలిక లేదు, 1 అంటే పూర్తి పోలిక) 0 నుంచి 0.1 దాకానే వచ్చింది. పెరగడమో తగ్గడమో, మారిన దిశ కలిసింది 47 నుంచి 61 శాతం జన్యువుల్లోనే. బొమ్మా బొరుసూ వేసినా దాదాపు ఇంతే వస్తుంది.

ఇక్కడే కాస్త ఆగి చూడాలి. జన్యువుల జాబితా మనుషుల నుంచే తయారైంది. ఒక జన్యువు మనిషిలో నాలుగు రెట్లు పెరిగి, చిట్టెలుకలో 1.02 రెట్లు పెరిగిందనుకోండి. ఆ 1.02 పెరుగుదల కాదు, కొలతలో ఉండే చిన్న ఊగిసలాట. రేపు మళ్లీ కొలిస్తే 0.98 రావచ్చు. కదలని జన్యువులకు కూడా దిశ ఆపాదించి లెక్కిస్తే సగం అటు, సగం ఇటు పడక ఏమవుతుంది? “చిట్టెలుకలో ఈ జన్యువు కదలలేదు” అనడం వేరు, “ఎదురుదిశలో కదిలింది” అనడం వేరు. ప్రచారంలో రెండూ ఒకటైపోయాయి.

జపాన్‌కు చెందిన కెయిజో తకావో, సుయోషి మియాకవా 2014లో అవే సమాచార రాశులను తీసుకుని, రెండు జీవుల్లోనూ గణనీయంగా మారిన జన్యువులను మాత్రమే పోల్చారు. అదే పత్రికలో వారి ఫలితం వచ్చింది: సహసంబంధం (రెండూ ఎంత కలిసి మారాయో చెప్పే మరో కొలత, ఇందులోనూ 1 అంటే పూర్తి పోలిక) 0.43 నుంచి 0.68, దిశ కలిసినవి 77 నుంచి 93 శాతం. దీన్ని కూడా నేను కళ్లు మూసుకుని ఒప్పుకోను. ఒకవైపే కదిలిన జన్యువులను ముందే ఏరి పారేశాక పోలిక ఎక్కువగా కనిపించడం సహజం. అయితే పోలికే లేదన్న మాట మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

“తేడా అంతా జన్యువుల్లోనే ఉంది” అన్నది మరో వాదం. మన రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అనే రకం, చిట్టెలుక రక్తంలో అత్యధికం లింఫోసైట్లు అనే మరో రకం. అన్నిటినీ కలిపి కొలిచితే ఏ కణం ఎలా ప్రవర్తించిందో తెలియదు. కంది, పెసర వేర్వేరు పాళ్లలో కలిపి వండిన రెండు గిన్నెలను రుచి చూసి, కందిగింజ గుణమే మారిపోయిందని చెప్పినట్టుంటుంది. పైగా చిట్టెలుకలన్నీ సీ57బీఎల్/6 అనే ఒకే వంశానివి, దాదాపు కవల పిల్లల్లాంటివి. మనుషులేమో రకరకాల వయసులవారు, ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నవారు.

“ఎలుకల వల్ల ఒరిగిందేమీ లేదు” అనేవారికి 1940 మే 25 గుర్తుచేయాలి. ఆక్స్‌ఫర్డ్‌లో హోవార్డ్ ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం ఎనిమిది చిట్టెలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్‌ను ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చింది. ఆ బృందంలోని నార్మన్ హీట్లీ రాత్రంతా వాటి దగ్గరే ఉన్నాడు. తెల్లవారుజాము మూడున్నరకల్లా మందు అందని నాలుగూ చనిపోయాయి, మందు అందినవి బతికే ఉన్నాయి. ఎండోటాక్సిన్‌ను మన శరీరం ఏ గ్రాహకంతో (కణం మీద ఉండి బయటి పదార్థాన్ని పసిగట్టే ప్రొటీన్‌తో) గుర్తుపడుతుందో తేలింది కూడా చిట్టెలుకల నుంచే. ఆ విషానికి చలించని ఒక వంశంలో లోపం ఆ గ్రాహకాన్ని తయారుచేసే టీఎల్ఆర్4 జన్యువులో ఉందని బ్రూస్ బ్యూట్లర్ బృందం 1998లో కనిపెట్టింది. మనలో పనిచేసేదీ అదే జన్యువు. ఈ కృషికి బ్యూట్లర్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

మిగిలిన ఆరోపణ ఒక్కటే: “ఎలుకల్లో పనిచేసిన సెప్సిస్ మందులు మనుషుల్లో విఫలమయ్యాయి.” ఇది నిజం, దాచాల్సిన పని లేదు. మనిషిని ప్రమాదంలోకి నెట్టే మోతాదుకు వేల రెట్లు ఎండోటాక్సిన్ ఇచ్చినా చిట్టెలుక తట్టుకుంటుంది. ఒక్క సూదితో విషం ఎక్కించి, దాన్నే సెప్సిస్ అనుకోవడం పరిశోధకుల పొరపాటు. అయితే లోపం ఆ జీవిలోనే ఉందా, మనం పెంచిన తీరులో ఉందా?

2016లో మిన్నెసోటా పరిశోధకులు ల్యాబ్ చిట్టెలుకలను, పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న చిట్టెలుకలతో కలిపి ఉంచారు. అంతకుముందు, సూక్ష్మజీవుల సోకు లేని శుభ్రమైన పంజరాల్లో పెరిగినప్పుడు, వాటి రోగనిరోధక కణాల జన్యు వ్యక్తీకరణ అప్పుడే పుట్టిన శిశువు బొడ్డుతాడు రక్తానికి దగ్గరగా ఉండేది. కలిసి బతికాక పెద్దవారి రక్తానికి దగ్గరైంది. ఇన్ఫెక్షన్లు సోకి వాటిలో కొన్ని చనిపోయాయి కూడా. 2019లో మరో బృందం ల్యాబ్ వంశపు పిండాలను అడవి చిట్టెలుకల గర్భంలో పెంచి, సహజమైన సూక్ష్మజీవుల మధ్య పుట్టించింది. సెప్సిస్‌లో, ఒంట్లో వాపును రగిలించే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే చికిత్స ల్యాబ్ చిట్టెలుకలను కాపాడింది. అడవి చిట్టెలుకల గర్భాన పుట్టినవాటిని కాపాడలేదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఆసుపత్రుల్లో మనుషులను కాపాడలేకపోయినట్టే.