పరిహారం పుచ్చుకున్నది యజమానులు

"తాతల పాపం మనవళ్లకు అంటగడతారేంటి, వాళ్లు కష్టపడి పైకొచ్చారు" అని బానిసల చాకిరీతో సంపాదించిన బ్రిటన్ పాత జమీందారీ కుటుంబాలను వెనకేసుకొచ్చేవాళ్లు ముందు 1833 చట్టం చదవాలి. తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటిష్ పార్లమెంటు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఆనాటి ప్రభుత్వ ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. అదంతా యజమానులకే. బానిసలకు దమ్మిడీ లేదు సరికదా, 'అప్రెంటిస్' అని పేరు మార్చి వారానికి 45 గంటల దాకా ఊరికే పని చేయించుకున్నారు. 1838 వరకూ ఇదే తంతు.

తలకింత అని రేటు కట్టారు. జమైకాలో సగటున 20 పౌండ్ల లోపు, దక్షిణ అమెరికాలోని బ్రిటిష్ గయానాలో 51 పైన. గయానా చెరకులో లాభమెక్కువ, కొత్త బానిసల్ని తెచ్చే దారి 1807 చట్టంతోనే మూసుకుపోయింది. దాంతో మనిషి ధర పెరిగింది.

లివర్‌పూల్ వ్యాపారి జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మందికి గాను 1,06,769 పౌండ్లు ముట్టాయి. కొడుకు విలియం ఈటన్ అనే పెద్దింటి పిల్లల బడిలో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 23 నిండకుండానే ఎంపీ అయ్యి, 1833లో సభలో తండ్రి చెరకు తోటలను సమర్థించాడు. తర్వాత నాలుగుసార్లు ప్రధాని. ఆయన తెలివిని నేను కాదనను. అంతే తెలివున్న పిల్లాడు ఆ తోటలో చెరకు నరుకుతూ పుట్టుంటే ఈటన్ సంగతి దేవుడెరుగు, పలక కూడా దక్కేది కాదు.

బానిసలు చేజారుతుంటే జాన్ కలకత్తా ఏజెంట్లకు ఉత్తరం రాసి కూలీలను తెప్పించాడు. 1838లో విట్బీ, హెస్పరస్ ఓడలు గయానా చేరాయి. మనవాళ్లు కోరంగి నుంచి మారిషస్‌కు, మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పోయింది కూడా ఇలాంటి ఒప్పంద కూలీ పద్ధతిలోనే.

యూనివర్సిటీ కాలేజ్ లండన్ ఆ పరిహారం క్లెయిముల వివరాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. అయితే ఇంటిపేరు దొరికింది కదా అని ఎగరొద్దు. చాలా తోటలు తాకట్టులో ఉండేవి, సొమ్ము అప్పిచ్చినవాడికి పోయేది. ట్రస్టీ పేరుంటే లాభం ఇంకెవరిదో. ఇప్పటి విలువ కట్టడంలో ఇంకో తిరకాసు: ధరల సూచీతో కడితే తక్కువ, కూలి రేట్లతో కడితే ఎన్నో రెట్లు ఎక్కువ. కొల్లగొట్టింది శ్రమను కాబట్టి నేను కూలి లెక్కే సరైనదంటాను.

ఎప్పుడో ముగిసిన కథా ఇది? ఆ పరిహారం కోసం 1835లో ప్రభుత్వం 1.5 కోట్ల పౌండ్లు అప్పు చేసింది. అది ఇతర ప్రభుత్వ బాండ్లలో కలిసిపోయి 2015లో గానీ తీరలేదు. కరీబియన్ నుంచి వచ్చి లండన్ బస్సులు నడిపినవాళ్ల పన్నూ, బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో నైట్ డ్యూటీలు చేసిన తెలుగు డాక్టర్ల పన్నూ ఆ ఖాతాలోకే వెళ్లాయి.